గుండె వాల్వ్ మార్చుకున్నవారు పన్ను పీకించుకోవాలంటే ఏం చేయాలి?

వాల్వ్ ఆపరేషన్ అయిన మనిషికి పన్ను పీకించవచ్చా, పీకిస్తే ముందు ఏ మందు వేసుకోవాలి, రక్తం పలచబడే మాత్ర ఆపాలా వద్దా అనే మూడు ప్రశ్నలు నల్గొండలో పళ్ళ వైద్యం చేస్తున్న నన్ను తరచుగా అడుగుతుంటారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మొదటి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ తర్వాత హైదరాబాద్ వెళ్ళి గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చినవారు మన పల్లెల్లో కనిపిస్తూనే ఉన్నారు. అయితే పళ్ళ పనికి ముందు యాంటీబయోటిక్ వేసుకోవాలని డిశ్చార్జ్ కాగితంలో రాసిన ఒక్క వాక్యాన్ని చదివి వివరించేవారు దొరకక చాలామంది ఇబ్బంది పడుతున్నారు. ఆ వాక్యాన్ని ఆచరణలో ఎలా పెట్టాలో ఇక్కడ రాస్తున్నాను.

అవసరమైనంత వరకే శాస్త్రం చెబుతాను. మన అందరి నోళ్ళలోనూ విరిడాన్స్ స్ట్రెప్టోకోకై అనే బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది. చిగుళ్ళు వాచి రక్తం కారుతున్నప్పుడు, పన్ను పీకినప్పుడు, గార తీసినప్పుడు అది రక్తంలోకి చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండెలో అది నిలవదు, శరీరం కొద్దిసేపట్లోనే దాన్ని తుడిచేస్తుంది. కృత్రిమ వాల్వ్ మీదనో, దెబ్బతిని గరుకుబారిన వాల్వ్ మీదనో అయితే అతుక్కుని, గడ్డకట్టిన రక్తాన్ని పైన కప్పుకుని, మందుకు అంత తేలికగా అందకుండా పెరుగుతుంది. దీన్నే ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అంటారు. ఈ జబ్బు ప్రతిసారీ నోటి నుంచే రాదు, చర్మం మీది పుండ్ల నుంచీ, ఆసుపత్రిలో పెట్టిన సూదుల నుంచీ కూడా వస్తుంది. వాటిలో మన చేతిలో ఎక్కువగా ఉన్నది నోరే కాబట్టి ఈ వ్యాసం దాని గురించి.

ముందుగా ఈ జాగ్రత్త మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి

పళ్ళ పనికి ముందు యాంటీబయోటిక్ వేసుకోవలసినవారు కొద్దిమందే. కృత్రిమ వాల్వ్ పెట్టించుకున్నవారు (లోహపుదైనా, జంతు కణజాలంతో చేసినదైనా, తొడ రక్తనాళం గుండా పెట్టినదైనా), వాల్వ్ బాగుచేసేటప్పుడు రింగు వేయించుకున్నవారు, ఇంతకుముందే ఒకసారి ఈ ఎండోకార్డైటిస్ వచ్చి తగ్గినవారు, పుట్టుకతోనే గుండె జబ్బు ఉండి ఒళ్ళు నీలం రంగుకు తిరిగేవారు, అలాంటి జబ్బుకు కృత్రిమ పదార్థంతో ఆపరేషన్ జరిగి ఇంకా ఆరు నెలలు నిండనివారు, ఆపరేషన్ తర్వాత కూడా ఆ పదార్థం దగ్గర లీకు మిగిలినవారు ఇందులోకి వస్తారు. గుండె మార్పిడి తర్వాత వాల్వ్ చెడినవారిదీ ఇదే వరుస.

స్టెంట్ వేయించుకున్నవారికి, బైపాస్ అయినవారికి, పేస్‌మేకర్ ఉన్నవారికి పన్ను పీకేముందు ఈ కారణంగా యాంటీబయోటిక్ అవసరం లేదు. "నాకూ గుండె ఆపరేషనే కదా, నాకెందుకు రాయలేదు" అని అడిగేవారిలో ఎక్కువమంది స్టెంటు వేయించుకున్నవారే. కీళ్ళవాతం వల్ల వాల్వ్ చెడి ఇంకా ఆపరేషన్ కాని రుమాటిక్ రోగుల విషయంలో మాత్రం వైద్యుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచనల ప్రకారం వారికి అవసరం లేదు, అయినా రాసే గుండె డాక్టర్లు ఉన్నారు. మీరు ఆ వర్గంలో ఉంటే మీ గుండె డాక్టరు చేత ఒకసారి కాగితం మీద రాయించుకుని, దాన్నే అనుసరించండి.

కావలసినవి

ఆపరేషన్ డిశ్చార్జ్ కాగితం, లేదా ఫోన్‌లో స్పష్టంగా తీసుకున్న దాని ఫొటో. చివరి ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు. మీరు వేసుకుంటున్న మందుల పట్టీలు (పేర్లు గుర్తుంచుకుని చెప్పడం కాదు, పట్టీలే తేవాలి). రక్తం పలచబడే అసిట్రోమ్ లేదా వార్ఫరిన్ మాత్ర వాడుతుంటే పీటీ ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే) పరీక్ష చీటీ. మెత్తని కుచ్చు ఉన్న బ్రష్షు. ఇంట్లో ఒక థర్మామీటరు. చివరిది ఎందుకో ఆఖరి మెట్టులో తెలుస్తుంది.

1. చెప్పండి, అడగకపోయినా చెప్పండి

ఈ మెట్టు నా పొరపాటు నుంచి వచ్చింది. కొన్నేళ్ళ కింద మర్రిగూడ వైపు నుంచి నలభై ఏళ్ళ ఒకావిడ కింది దవడ పన్ను పీకించుకోవడానికి వచ్చింది. బీపీ, షుగరు ఉన్నాయా అని అడిగాను. "ఏం లేవు సారూ" అన్నది. మత్తు సూది చేతిలోకి తీసుకుని ఆమెను కుర్చీలో వెనక్కు వాల్చినప్పుడు కొంగు కొంచెం జరిగి, గొంతు కింది గుంత నుంచి నిటారుగా దిగుతున్న కుట్ల గీత కనిపించింది. సూది పక్కన పెట్టి అడిగితే, "అది ఎప్పుడో అయిపోయింది గద సారూ, ఇప్పుడేం బాధ లేదు" అన్నది. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. నేను అడిగిన ప్రశ్నే సరిపోలేదు. ఆ రోజు నుంచి నేను "గుండెకు, ఛాతీకి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా" అని విడిగా అడుగుతున్నాను. అందరు డాక్టర్లూ అలా అడుగుతారన్న నమ్మకంతో మీరు కూర్చోవద్దు.

పనికోసం ముంబై, పుణె వైపు వెళ్ళే పాలమూరు కుటుంబాలవారు ఒక చిన్న అట్టముక్క మీద ఈ విషయాలు రాయించి, ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి: ఏ వాల్వ్, ఏ సంవత్సరంలో మార్చారు, లోహపుదా, కణజాలపుదా, రోజూ వేసుకునే రక్తం మందు ఏది, ఏ మందు పడదు. తెలుగు తెలియని ఊళ్ళో పంటి నొప్పి వచ్చినప్పుడు ఆ అట్టముక్కే మీ తరఫున మాట్లాడుతుంది. అందుకని అక్కడి డాక్టరు చదవగలిగేలా ఇంగ్లిషులో కూడా రాయించండి.

2. చేయబోయే పని ఏమిటో తెలుసుకోండి

చిగురును కదిలించే పనికి, పంటి వేరు కొసను తాకే పనికి, నోటి లోపలి చర్మాన్ని కోసే పనికి యాంటీబయోటిక్ కావాలి. పన్ను పీకడం, గార తీయడం, చిగుళ్ళ ఆపరేషన్, వేరు కొస దాకా వెళ్ళే రూట్ కెనాల్ ఇందులోకి వస్తాయి. ఎక్స్‌రేకు, చీము లేని చోట ఇచ్చే మత్తు సూదికి, కట్టుడు పళ్ళ సెట్టు సరిచేయడానికి, పిల్లల పాలపన్ను దానంతటదే ఊడిపోయినప్పుడు, కిందపడి పెదవి చిట్లినప్పుడు అవసరం లేదు.

గార తీయించడం చిన్న పనే కదా అని మందు వేసుకోకుండా కూర్చోవడం ఇక్కడ తరచుగా జరిగే తప్పు. వాచిన చిగుళ్ళ కింద గార తీస్తున్నప్పుడు రక్తంలోకి బ్యాక్టీరియా వెళ్ళే అవకాశం పన్ను పీకేటప్పటిలాగానే ఉంటుంది.

3. రక్తం మందును సొంతంగా ఆపవద్దు

లోహపు వాల్వ్ ఉన్నవారు అసిట్రోమ్ లాంటి మాత్రను రెండు మూడు రోజులు ఆపి వస్తుంటారు. ఊళ్ళో ఎవరో "రక్తం ఆగదు" అని భయపెట్టి ఉంటారు. పన్ను పీకిన చోట కారే రక్తాన్ని గుడ్డ అదిమి, కుట్టు వేసి ఆపవచ్చు, కానీ మందు ఆపినందువల్ల వాల్వ్ మీద రక్తం గడ్డకడితే వచ్చే పక్షవాతానికి అంత సులువైన మందు లేదు. చేయవలసిందల్లా పీకే ముందు 24 గంటల లోపల ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకోవడం. సంఖ్య ఎప్పుడూ స్థిరంగా ఉండేవారికి 72 గంటల లోపలిదైనా సరిపోతుంది. సంఖ్య 4 కన్నా తక్కువగా ఉంటే సాధారణంగా ఒకటి రెండు పళ్ళు పీకవచ్చు, 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే వాయిదా వేసుకుని గుండె డాక్టరుకు చూపించుకోవాలి. పొద్దున పూట, వారం మొదట్లో వెళ్ళండి. సాయంత్రం పీకించుకుని చివరి బస్సుకు దేవరకొండ వెళ్ళిపోతే రాత్రి రక్తం కారినప్పుడు చూసేవారుండరు.

4. యాంటీబయోటిక్ ఒకే మోతాదు, ఒకే సమయం

పెన్సిలిన్ పడే పెద్దవారికి అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల గొట్టాలు నాలుగు, ఒకేసారి, పని మొదలయ్యే 30 నుంచి 60 నిమిషాల ముందు నోటి ద్వారా వేసుకోవాలి. పిల్లలకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున లెక్క, 20 కిలోల పిల్లవాడికి 1 గ్రాము అవుతుంది. బరువు ఎంత ఉన్నా పెద్దల మోతాదు దాటకూడదు. మీ డాక్టరు రాసిన చీటీలో మోతాదు ఇలాగే ఉందో లేదో చూసుకోవడానికే ఈ లెక్కలు ఇక్కడ ఇస్తున్నాను. చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కోవడానికి కాదు.

ఇందులో జరిగే తప్పులు నాలుగు రకాలుగా కనిపిస్తాయి.

మొదటిది, నాలుగు గొట్టాలను రోజుకొకటిగా నాలుగు రోజులు మింగడం. పని జరుగుతున్న గంటలో రక్తంలో మందు ఎక్కువగా ఉండాలన్నదే ఉద్దేశం కాబట్టి అలా మింగితే ప్రయోజనం నెరవేరదు.

రెండవది, పొద్దున ఆరు గంటలకు ఊళ్ళో వేసుకుని, బస్సులు మారి, పన్నెండింటికి కుర్చీలో కూర్చోవడం. మందు సంచిలో పెట్టుకుని రండి, క్లినిక్‌లో మీ వంతు ఎప్పుడొస్తుందో కనుక్కుని అక్కడే వేసుకోండి. పూర్తిగా మరచిపోయి పని అయిపోయిన తర్వాత గుర్తొస్తే, రెండు గంటల లోపలైతే అదే మోతాదు వేసుకోవచ్చు.

మూడవది, "మేం ఇరవై ఒక్క రోజులకోసారి పెనిడ్యూర్ ఇంజెక్షన్ తీసుకుంటున్నాం కదా, అది చాలు" అనుకోవడం. ఆ పెన్సిలిన్ ఇంజెక్షన్ గొంతు నుంచి వచ్చే వేరే స్ట్రెప్టోకోకస్ వల్ల కీళ్ళవాతం తిరిగి రాకుండా కాపాడుతుంది. నోటి బ్యాక్టీరియాకు అది సరిపోదు సరికదా, ఏళ్ళ తరబడి పెన్సిలిన్ తీసుకునేవారి నోట్లోని బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా మారి ఉండవచ్చు. అందుకే అలాంటివారికి అమాక్సిసిలిన్ కాకుండా వేరే రకం మందు రాస్తారు. మీరు పెనిడ్యూర్ తీసుకుంటున్న సంగతి పళ్ళ డాక్టరుకు తప్పక చెప్పండి.

నాలుగవది, పెన్సిలిన్ పడనివారు పాత చీటీ ప్రకారం క్లిండామైసిన్ వేసుకోవడం. 2021 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దాన్ని ఈ పనికి సిఫారసు చేయడం లేదు. ఇప్పుడు పెద్దవారికి అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు గానీ, డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు గానీ ఒకే మోతాదుగా రాస్తారు.

వేరే జబ్బుకు ఇప్పటికే యాంటీబయోటిక్ కోర్సు నడుస్తుంటే, తొందర లేని పంటి పనిని ఆ కోర్సు అయిపోయిన పది రోజుల తర్వాతకు వాయిదా వేసుకోవడం మేలు.

5. పీకిన తర్వాత వేసుకునే మందుల మీద కన్ను వేయండి

నొప్పికి అలవాటుగా ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు రక్తం పలచబడే మందుతో కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది, కాబట్టి పారాసిటమాల్ రాయించుకోండి. పంటి చీముకు విరివిగా ఇచ్చే మెట్రోనిడజోల్ కూడా అసిట్రోమ్, వార్ఫరిన్‌ల బలాన్ని బాగా పెంచుతుంది. అది తప్పనిసరై వాడవలసి వస్తే మూడు నాలుగు రోజుల్లో మళ్ళీ ఐఎన్‌ఆర్ చేయించాలి. ఈ విషయం చిన్నదిగా కనిపించినా, పన్ను పీకిన రోజున కాకుండా ఐదో రోజున చిగురు నుంచి రక్తం కారుతూ తిరిగి వచ్చేవారి చీటీలో నేను మొదట వెతికేది ఈ పేరే.

6. రోజూ నోటిని చూసుకోండి, ఇది పై మెట్లన్నిటికన్నా పెద్ద పని

అమెరికాలో 290 మంది మీద జరిపి 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మందు లేకుండా పన్ను పీకినవారిలో 60 శాతం మంది రక్తంలో ఈ రకం బ్యాక్టీరియా కనిపించింది, అమాక్సిసిలిన్ వేసుకుని పీకించుకున్నవారిలో అది 33 శాతం. ఊరికే బ్రష్షు చేసుకున్నవారిలో కూడా 23 శాతం మందిలో కనిపించింది. పన్ను జీవితంలో ఒకటి రెండుసార్లు పీకించుకుంటాం, బ్రష్షు రోజూ చేసుకుంటాం. చిగుళ్ళు వాచి ఉన్న మనిషి రక్తంలోకి బ్యాక్టీరియా రోజూ వెళ్తూనే ఉంటుంది. నాలుగు గొట్టాల మీద ఉన్న శ్రద్ధలో సగమైనా చిగుళ్ళ మీద పెట్టమని నేను పోరేది అందుకే.

మెత్తని బ్రష్షుతో పొద్దున, రాత్రి పడుకునే ముందు రెండేసి నిమిషాలు, చిగురూ పన్నూ కలిసే అంచు మీద నెమ్మదిగా తోమండి. కుచ్చు విచ్చుకోగానే బ్రష్షు మార్చండి. వేపపుల్లే అలవాటైతే దాన్ని బాగా నమిలి కుంచెలా మెత్తబడిన తర్వాతే వాడండి, గట్టి కొసతో గుచ్చితే చిగురు గాయపడుతుంది. ఇటుక పొడి, బొగ్గు, ఇసుక కలిసిన ఉప్పు వద్దు. గుల్, తంబాకు, గుట్కా అసలే వద్దు.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక తికమక గురించి చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవారి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు ఉంటాయి. వాటిని మురికి అనుకుని ఇటుక పొడితో అరగదీసేవారున్నారు, అసలైన గారను "మా నీళ్ళ మచ్చ" అనుకుని వదిలేసేవారూ ఉన్నారు. తేడా ఇలా చూసుకోండి. ఫ్లోరైడ్ మచ్చ పంటి పింగాణీ లోపలే ఉంటుంది, అడ్డంగా చారల్లా రెండు వైపుల పళ్ళ మీదా ఒకేలా కనిపిస్తుంది, తోమితే పోదు, అది ఇన్ఫెక్షన్ కాదు. గార చిగురు అంచునే పట్టి ఉంటుంది. నాలుకను కింది ముందుపళ్ళ లోపలి వైపు తిప్పండి. పళ్ళ మధ్య సందులు తెలియకుండా గరుకైన గోడలా తగిలితే అది గార, దాన్ని యాంటీబయోటిక్ వేసుకుని డాక్టరు చేత తీయించుకోవాలి. మొదటి మెట్టులో చెప్పిన ఆవిడ బాధపడింది ముందుపళ్ళ మచ్చల గురించి, గోడ ఉన్నది వాటి వెనక.

ఫలితం తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తోమిన తర్వాత తెల్లని గిన్నెలో ఉమ్మి చూడండి. ఎర్రగా ఉంటే చిగుళ్ళు వాచినట్టే. రక్తం వస్తోందని ఆ చోటు తోమడం మానేయడం అందరూ చేసే పొరపాటు. మానేస్తే పాచి పేరుకుని వాపు పెరుగుతుంది. నెమ్మదిగా తోముతూ ఉంటే ఒకటి రెండు వారాల్లో తగ్గాలి, తగ్గకపోతే క్లినిక్‌కు రండి. రక్తం పలచబడే మందు వాడేవారు దాన్ని మందు మీదికి నెట్టివేయవద్దు, ఆరోగ్యమైన చిగురు ఆ మందు వాడుతున్నా ఊరికే కారదు. కారణం ఏమీ లేకపోయినా ఆరు నెలలకోసారి నోరు చూపించుకోండి. వాల్వ్ ఆపరేషన్ ఇంకా ముందున్నవారైతే, చెడిన పళ్ళ పని ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే ముగించుకోవాలి.

7. తర్వాతి నెలల్లో జ్వరం వస్తే

థర్మామీటరు ఇందుకే. పంటి పని తర్వాత మొదటి నెలలో ముఖ్యంగా, మూడు నెలల దాకా కూడా, కారణం తెలియని జ్వరం వస్తే దాన్ని వేళ వేసి రాసి పెట్టుకోండి. నోటి బ్యాక్టీరియాతో వచ్చే ఎండోకార్డైటిస్ తరచుగా మెల్లగా మొదలవుతుంది. సాయంత్రం పూట సన్నజ్వరం, రాత్రి చెమటలు, ఆకలి మందగించడం, బరువు తగ్గడం కనిపిస్తాయి. గోళ్ళ కింద సన్నని ఎర్రటి గీతలు, వేళ్ళ కొసల మీద నొప్పిగా ఉండే బుడిపెలు, కొత్తగా ఆయాసం వస్తే అసలు ఆలస్యం చేయవద్దు. మూతి వంకర పోవడం, చెయ్యి కాలు పడిపోవడం జరిగితే వెంటనే 108కు ఫోన్ చేయాలి.

ఇక్కడ జరిగే తప్పు మందు తక్కువై కాదు, తొందరపడి వేయడం వల్ల జరుగుతుంది. జ్వరం రాగానే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకుని, వైడాల్ పరీక్షలో టైఫాయిడ్ అని రాగానే ఐదు రోజులు ఇంజెక్షన్లు వేయించుకుంటారు. జ్వరం తగ్గుతుంది, వారానికి మళ్ళీ వస్తుంది. వాల్వ్ మీది బ్యాక్టీరియా చావదు కానీ, అప్పటికి రక్తంలో దాని జాడ పట్టుకోలేనంతగా అణిగిపోతుంది. ఆ తర్వాత పెద్దాసుపత్రిలో బ్లడ్ కల్చర్ (రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి గుర్తించే పరీక్ష) చేసినా ఏ సూక్ష్మజీవో తెలియక, ఏ మందు పనిచేస్తుందో ఊహించవలసి వస్తుంది. కాబట్టి మీకు కృత్రిమ వాల్వ్ ఉంటే, యాంటీబయోటిక్ ఒక్క డోసు కూడా పడకముందే, అరగంట చొప్పున ఎడం ఇచ్చి, వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు బ్లడ్ కల్చర్ తీయించాలి, ఎకో చేయించాలి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో చూపించుకుని, అవసరమైతే అక్కడి నుంచి బీబీనగర్ ఎయిమ్స్‌కో హైదరాబాద్ నిమ్స్‌కో రాయించుకోండి. "నాకు వాల్వ్ ఉంది, ఇంకా ఏ యాంటీబయోటిక్ వేసుకోలేదు, కల్చర్ తీయండి" అన్న మాటను ఓపీలో మొట్టమొదట చెప్పండి. ఇప్పటికే వేసుకుని ఉంటే దాచకుండా ఆ పట్టీ చూపించండి.

జబ్బు తేలితే నరంలోకి ఇచ్చే యాంటీబయోటిక్ చికిత్స సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు సాగుతుంది. రెండో వారంలో జ్వరం పోయి మనిషి లేచి తిరుగుతుండగా, పంట పనులున్నాయని డిశ్చార్జ్ అడిగి తెచ్చుకునేవారిని చూశాను. అలా రావద్దు. ఆ వారాల్లోనే పళ్ళ డాక్టరును వార్డుకు పిలిపించమని అడగండి. జ్వరానికి మూలమైన పిప్పి పన్ను ఇంకా నోట్లోనే ఉంటే, మందు నడుస్తుండగానే దాని సంగతి తేల్చుకుని ఇంటికి రావాలి.